చెవినొప్పికి చప్పట్లు

జూన్ 3

అరటిపండును చూసి మా అమ్మాయి పిచ్చుక ఆశ్చర్యపోవాలి. పళ్ళు రాకముందు నుంచీ తింటున్న అరటిపండు. దాన్ని బుట్టలోంచి తీసి, కళ్ళు పెద్దవి చేసి, "ప్లాతనో!" అనాలి. అంది. డైరెక్టరుగారికి నచ్చలేదు. "ఇప్పుడే మొదటిసారి చూసినట్టు అనాలి తల్లీ" అన్నాడు. మళ్ళీ అంది. లైటు మొహం మీద మెరుస్తోందని మళ్ళీ. మధ్యలో మా అత్తగారు దగ్గారని మళ్ళీ. చివరికి ఆ పండు తొక్క నల్లబడి, పిల్ల చేతి చెమటకి మెత్తబడి, ముట్టుకుంటే అసహ్యం వేసేలా తయారైంది. దాన్నే కొరికి "మ్మ్మ్" అనమన్నాడు. కొరికింది. మింగలేదు. కెమెరా ఆగేదాకా బుగ్గలో దాచుకుని, తర్వాత వచ్చి నా అరచేతిలో ఉమ్మేసింది.

సబ్బుతో కడుక్కున్నా ఆ ముద్ద వెచ్చదనం చేతిని వదల్లేదు.

డైరెక్టరుగారంటే కట్టుకున్నవాడే. మొదట్లో ముద్దుగా అలా పిలిచేదాన్ని. ఇప్పుడు పళ్ళు కొరుకుతూ పిలుస్తున్నాను. ఆయనకి తేడా తెలియదు. "చెప్పండి రచయిత్రిగారూ" అంటాడు. ఎందుకంటే ఆటలన్నీ నేనే రాసిస్తాను. పిల్ల పుట్టకముందు నేను ఒక కంపెనీలో ఫోన్ల దగ్గర కూర్చుని స్పానిష్ మాట్లాడే కస్టమర్ల ఫిర్యాదులు వినేదాన్ని. ఆ భాషలో నాకు ముందు వచ్చింది తిట్లే. మంచి మాటలు తర్వాత వచ్చాయి.

పిచ్చుకకి స్నానం చేయిస్తూ నురగ చూపించి "ఎస్పూమా" అనేదాన్ని. అది నురగని మీసంలా పెట్టుకుని "ఎత్తూమా" అని పకపకా నవ్వేది. ఆ నవ్వు నేను తప్ప ఎవరూ చూడలేదు. తర్వాత ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. మర్నాడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ మొదలైంది. "పసిపిల్లలకి స్పానిష్ నేర్పే సరదా ఆటలు" అని మా చానెల్ పేరు కింద రాసి ఉంటుంది. సరదా ఎవరికో మాత్రం రాయలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

జూన్ 4

అరటిపండు వీడియో బాగా పోతోందట. ఛీ.

జూన్ 7

మా ఇంట్లో "పంట" అంటే ఏమిటో బయటివాళ్ళకి చెబితే నవ్విపోతారు. మేం అడక్కుండా, అందించకుండా, పిచ్చుక తనంతట తాను ఒక స్పానిష్ మాట అంటే అది పంట. ఎవరు విన్నా "పంట!" అని అరవాలి. ఎవరి చేతికి ఏ ఫోన్ అందితే ఆ ఫోన్‌లో వీడియో మొదలుపెట్టాలి. పిల్ల చేత ఆ మాట మళ్ళీ అనిపించాలి. అందరూ చప్పట్లు. పిల్ల చొక్కా మీద ఒక నక్షత్రం స్టిక్కర్.

దీనికి తోడు "కోమో" రూలు. మన భాషలో ఏదైనా అడిగితే ఎవరికీ అర్థం కానట్టు మొహం పెట్టి "కోమో?" అనాలి. అంటే "ఏమిటీ?" అని. పిల్ల ఆ మాట స్పానిష్‌లో అనేదాకా ఆగాలి. అలా చేస్తే భాష తొందరగా పట్టుబడుతుందని డైరెక్టరుగారు ఎక్కడో చదివాడు. చదివినవాటిలో ఆయనకి అక్కరకొచ్చేవే గుర్తుంటాయి.

ఈరోజు ఫ్రిజ్ ముందు నిలబడి "పాలు" అంది. ఆయన "కోమో?" అన్నాడు. "పాలు నాన్నా." "కోమో?" వేలు చూపించింది. "కోమో?" ఫ్రిజ్ తలుపుకే పాల సీసా బొమ్మ అతికించి కింద "లేచె" అని రాసిపెట్టాం. ఆ బొమ్మ వైపు కూడా చూడలేదు. మొండిపిల్ల. నా పోలిక. చివరికి "లేచె" అని నేలకేసి చూస్తూ గొణిగింది. చప్పట్లు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంట్లో ముగ్గురుండి ఇద్దరు కొడితే బాగుండదు కదా.

మా అత్తగారి సంగతి రాయకపోతే ఈ పేజీకి న్యాయం జరగదు. మొదట్లో ఆవిడ "పిల్లకి మన మాటలే సరిగ్గా రాలేదు, అప్పుడే పరాయి మాటలెందుకు" అనేది. "అబూయెలా" అంటే నాయనమ్మ అని ఒక వీడియోలో ఆవిణ్ణి చూపించాం. చూసినవాళ్ళు "మీ అబూయెలా ఎంత అందంగా ఉన్నారో" అని రాశారు. అంతే. ఇప్పుడు లైటు వెలిగేసరికి పౌడరు రాసుకుని సోఫాలో సిద్ధంగా ఉంటుంది. "అమ్మాయ్, నన్ను ఎడమ పక్కనుంచి తియ్యమని చెప్పు వాడికి. కుడిపక్క దవడ వేలాడుతోంది" అంటుంది.

కిందటివారం వీడియోలో పిచ్చుక ఆవిడ మొహం ముద్దుపెట్టుకోవాలి. పౌడరు నోట్లోకి పోయి పిల్ల మొహం చిట్లించింది. ఆ ముక్క కత్తిరించేశారు.

రేపు ఆయనతో గట్టిగా మాట్లాడతాను.

జూన్ 8

వీలు పడలేదు.

జూన్ 11

ఈరోజు ఆట నిజంగా బాగా కుదిరింది. ఎవరినీ తిట్టకుండా ఒక్కరోజు రాసుకుందాం.

డాక్టర్ ఆట. నేనే అనుకున్నాను. మెడలో స్టెతస్కోపు బదులు హెడ్‌ఫోన్స్. నేను డాక్టర్ని. "దోందే తే దుయేలె?" అని అడగాలి. ఎక్కడ నొప్పి అని. పిల్ల ఒక చోటు పట్టుకుని "మే దుయేలె" అని మొదలుపెట్టి ఆ చోటు పేరు చెప్పాలి. తల, చెయ్యి, కాలు, పొట్ట, చెవి. నేను క్రేయాన్‌తో ఇంజెక్షన్ వేస్తాను. వేయగానే నొప్పి మాయం. అప్పుడు పిల్ల గంతులేయాలి.

లైటు లేదు, కెమెరా లేదు. ఆయన ఏదో పనిమీద బయటికి వెళ్ళాడు. పిచ్చుక దిండుకి వైద్యం చేసింది, గరిటెకి చేసింది, నాయనమ్మ చెప్పుకి చేసింది. చెప్పు దగ్గర చెవి పెట్టి "పాపం, దీనికి కాలు నొప్పి" అంది. నేను కింద పడి నవ్వాను. అది నా మీద పడి నవ్వింది. అసలు ఇందుకే కదా మొదలుపెట్టాను.

జూన్ 12

నాకు నోరు ఆగదు. ఆట గురించి ఆయనకి చెప్పాను. ఈరోజు తీశారు.

"నొప్పి అన్నప్పుడు నవ్వకూడదు తల్లీ. ఏడుపు మొహం పెట్టు. ఇంకొంచెం. ఆఁ, పెదవి అలా వణకనీ." పిల్ల చూసి చూసి నేర్చేసుకుంది. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, "మే దుయేలె లా బర్రీగా" అంది. నిజం నీళ్ళు. అత్తగారు సోఫాలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "నటి పుట్టిందిరా మనింట్లో!" అంది.

ఎవరైనా నాలుగేళ్ళు నిండని పిల్లకి ఏడవడం నేర్పిస్తారా? నేర్పించాం. వాళ్ళిద్దరూ నేర్పించారు.

జూన్ 15

పొద్దున పాలు తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టి, చెవి పట్టుకుని, పిచ్చుక "మే దుయేలె లా ఓరెహా" అంది. అడక్కుండా. అందించకుండా. ఒక మాట కాదు, పూర్తి వాక్యం!

అత్తగారు "పంట!" అని అరిచింది. డైరెక్టరుగారు గడ్డం సగం గీసుకున్న మొహంతో పరిగెత్తుకొచ్చాడు. మళ్ళీ అనమన్నాడు. అంది. "దోందే?" అన్నాడు. చెవి చూపించింది. ఇల్లు దద్దరిల్లేలా చప్పట్లు. స్టిక్కర్ ఇస్తే చొక్కా మీద కాదు, తీసుకెళ్ళి చెవి మీద అంటించుకుంది. ఎంత ముద్దొచ్చిందో. అందరం నవ్వాం.

మా ఆయన సగం గడ్డం నురగ వీడియోలో పడింది. అదొక్కటే అసహ్యంగా ఉంది.

జూన్ 16

ఈరోజూ పంటే. స్నానంలో ఒకసారి, పార్కులో జారుడుబండ దగ్గర ఒకసారి. అదే వాక్యం. పార్కులో ఇంకో తల్లి "అబ్బ, మీ పాప ఎంత చక్కగా మాట్లాడుతోందో" అంది. "ఆటల్లోనే నేర్చుకుందండీ" అన్నాను. గొప్పగానే అన్నాను.

ఇంటికొచ్చాక క్రేయాన్ ఇంజెక్షన్ వేశాను. గంతులేయలేదు. క్రేయాన్ తోసేసింది. మళ్ళీ వేయబోతే దాన్ని గోడకేసి కొట్టింది. "నటన పెరిగింది, అలగడం కూడా వచ్చేసింది" అని ఆయన మురిసిపోయాడు.

జూన్ 17

పేచీ. పొద్దుటినుంచీ పేచీ. గుడ్డు వద్దు, యాపిల్ వద్దు, బొమ్మలు వద్దు. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందేమో అనిపించింది. అత్తగారు చూసి "ఎండకి అలాగే ఉంటుంది" అంది. బయట ఎండ లేదు. అయినా సరేననుకున్నాను.

చెవి వీడియో పెట్టారు. కింద ఒకావిడ "మా అబ్బాయికి ఏ ఆటలు ఆడించాలో చెప్పండి" అని అడిగింది. డైరెక్టరుగారు పాఠాలు చెబుతూ కూర్చున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

సాయంత్రం పిల్ల నా మోకాళ్ళు పట్టుకుని "అమ్మా, చెవి" అంది. మన భాషలో. ఇంటి రూలు ప్రకారం "కోమో?" అని జవాబు వచ్చింది. పిల్ల కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి సోఫా వెనక, గోడకీ దానికీ మధ్య సందులో, పడుకుంది. అక్కడంతా దుమ్ము. ఈ ఇల్లు తుడిచే తీరిక ఎవరికీ లేదు. అందరికీ వీడియో పనే.

జూన్ 18

దిండు గలీబు రెండుసార్లు ఉతికాను. వాసన పోలేదు.

జూన్ 19

నిన్న ఆ ఒక్క ముక్క మించి రాయడానికి చేతులు రాలేదు.

నిన్న పొద్దున పిచ్చుక దిండుకి అతుక్కుపోయి ఉంది. పచ్చటి చీము, కాస్త రక్తం. చెవిలోంచి కారి, జుట్టుకి పట్టి, బట్టకి ఎండిపోయింది. తల లేపబోతే జుట్టు లాగినట్టయింది. ఆ వాసన... ఎన్నాళ్ళో మూసిపెట్టిన గిన్నె మూత తీసినట్టు. నేను పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాను. కన్నతల్లిని. పిల్ల లేచి కూర్చుని నన్ను చూస్తూ ఉంది. ఏడవలేదు.

డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. చాలా సేపు చూసింది.

"లోపలి పొరకి చిల్లు పడింది. చీము బయటికి వచ్చేసింది కాబట్టి ఇప్పుడు నొప్పి తగ్గింది. అంతకుముందు మాత్రం బాగా బాధపడి ఉంటుంది. ఎప్పటినుంచి?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పాప చెప్పలేదా నొప్పి అని?"

"చెప్పిందండీ" అన్నాను.

"చెబితే మరి?"

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఆటలో అన్నదనుకున్నామండీ. మేం పిల్లలకి స్పానిష్ నేర్పిస్తుంటాం. స్పానిష్‌లో చెప్పింది. పూర్తి వాక్యమండీ."

పూర్తి వాక్యం అన్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం పలికింది. అక్కడ కూడా. ఆ కుర్చీలో, ఆ చీము వాసనలో. నా చెవులతో విన్నాను.

డాక్టరమ్మ మందులు రాస్తూ తలెత్తకుండానే అడిగింది. వెక్కిరింపు లేదు, కోపం లేదు. మామూలుగా అడిగింది.

"అయ్యో, మరి ఇంట్లో ఎవరికీ స్పానిష్ రాదా?"

"నాకొచ్చండీ" అన్నాను.

ఆవిడ రాయడం ఆపి ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు వంగి "ఇప్పుడు ఎక్కడైనా నొప్పిగా ఉందా బంగారూ?" అని అడిగింది. పిచ్చుక ఆవిణ్ణి చూడలేదు. వాళ్ళ నాన్న చేతులకేసి చూసింది. ఫోన్ ఎక్కడుందోనని.

"చిల్లు మామూలుగా అదే పూడిపోతుంది. చుక్కల మందు మానకుండా వేయండి. మళ్ళీ నొప్పి అంటే మాత్రం, అన్న క్షణాన తీసుకురండి. ఆలస్యం చేస్తే వినికిడి మీదికి వస్తుంది. పిల్ల మాట వినండి, అంతే" అంది డాక్టరమ్మ.

బయటికి రాగానే ఆయన "దీని మీద ఒక వీడియో చేయాలి. తల్లిదండ్రులకి తెలియాలి కదా ఇలాంటివి" అన్నాడు. మెట్ల మీద అన్నాడు. పిల్ల ఆయన భుజం మీదే ఉంది.

జూన్ 20

చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పట్టుకున్నాను.

"ఆ వీడియో తీసెయ్యండి. ఇంకోటి తీశారంటే మేమిద్దరం ఈ ఇంట్లో ఉండం."

"ఆవేశపడకు. జరిగింది పొరపాటు. అందరూ చేసే పొరపాటే."

"అందరూనా? పిల్ల చెవినొప్పంటే చప్పట్లు కొట్టే ఇల్లు ఇంకొకటి చూపించు!"

మొదటిసారి ఆయన్ని "నువ్వు" అన్నాను. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"డాక్టర్ ఆట రాసిందెవరు?" అన్నాడు ఆయన.

"ఏడిపించి తీసిందెవరు?" అన్నాను నేను.

అత్తగారు మధ్యలోకొచ్చి "నన్ను కలపకండి. నాకేమన్నా ఆ భాష వచ్చా పాడా? మీరు కొడుతున్నారు కదా అని కొట్టాను" అంది. నిజమే. ఆవిడకి అర్థం కాలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆవిడ పిడికెడు చిన్నది. పౌడరు కూడా రాసుకోలేదు ఈరోజు. మొహమంతా ముడతలు. పెద్దావిడ అని అప్పుడు గుర్తొచ్చింది.

డైరెక్టరుగారు వీడియో తీసేశాడు. తీసేస్తూ, కింద ఎంతమంది చూశారో ఒకసారి చూసుకున్నాడు. తు.

జూన్ 21

"కోమో?" అన్నది నేనే.

జూన్ 23

ఇల్లంతా శుభ్రం చేశాను. తలుపు మీద, కుర్చీ మీద, అద్దం మీద, ఫ్రిజ్ మీద అతికించిన బొమ్మలూ పేర్లూ గోకి గోకి పీకేశాను. గోళ్ళ నిండా జిగురు. కొన్ని ఊడక తెల్లటి మచ్చలు మిగిలాయి. ఇల్లంతా బొల్లి పట్టినట్టుంది. అయినా పర్వాలేదు. లైటు మడిచి అటక మీద పడేశాను. నక్షత్రాల స్టిక్కర్లు చెత్తబుట్టలో. క్రేయాన్లు మాత్రం ఉంచాను, బొమ్మలు వేసుకుంటుంది.

పిచ్చుకని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ పట్టుకుని, విడమరిచి చెప్పాను.

"ఆ ఆటలన్నీ అయిపోయాయి నాన్నా. ఇంకెప్పుడూ ఆడం."

"డాక్టర్ ఆట కూడానా?"

"అదే ముందు. ఆ మాటలు ఇంకెప్పుడూ అనక్కర్లేదు. సరేనా?"

"సరే" అంది.

ఎంత తేలిగ్గా ఒప్పుకుందో! నేనే అనవసరంగా భయపడ్డాను. పిల్లలు పెద్దవాళ్ళలా కాదు, ఏదీ మనసులో పెట్టుకోరు.

జూన్ 27

ఇల్లు ప్రశాంతంగా ఉంది. డైరెక్టరుగారు ముభావంగా ఉన్నాడు కానీ పొద్దున పిల్లకి తనే పాలు కలిపి ఇచ్చాడు. "పాలు కావాలా?" అని అడిగి ఇచ్చాడు. అది తలూపింది.

పిచ్చుక ఇంత బుద్ధిగా ఉంటుందని నేననుకోలేదు. చెవిలో చుక్కలు వేస్తుంటే కదలదు, మెదలదు. పైకప్పుకేసి చూస్తూ పడుకుంటుంది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఊరికే కంగారుపడ్డాం. పిల్ల శుభ్రంగా ఉంది" అంది అత్తగారు. నిన్న గుమ్మం తగిలి పడింది కూడా. లేచి దులుపుకుని వెళ్ళిపోయింది. ఇదివరకైతే ఇల్లు పీకి పందిరేసేది. గండం పిల్లని పెద్దదాన్ని చేసింది.

రోజూ అడుగుతున్నాను, "చెవి నొప్పిగా ఉందా?" అని. లేదని తల ఊపుతుంది. డాక్టరమ్మ చెప్పినట్టు పిల్ల మాట వింటున్నాను.

జూన్ 30

మంచి రోజు. రాయడానికేమీ లేదు.

జూలై 2

డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పిచ్చుక నా ఒళ్ళో ఉంది. ఆయన బండి పెట్టి రావడానికి వెళ్ళాడు. ఊరికే కూర్చోలేక, సంచిలో ఉన్న ఈ పుస్తకం తీసి రాస్తున్నాను.

కొత్తగా చేర్పించిన ప్లేస్కూల్ నుంచి వచ్చాక దాని బూట్లు విప్పాను. కొత్తవి. కుడికాలి మేజోడు మడమ దగ్గర ఊడి రాలేదు. కాస్త లాగితే చర్మంతో సహా వచ్చింది. బొబ్బ లేచి, చితికి, రక్తమూ నీరూ కలిసి బట్టకి ఎండిపోయింది. మళ్ళీ అదే వాసన. ఈసారి నేను పక్కకి తిరగలేదు. పిల్ల పెదవి బిగబట్టుకుని గోడకేసి చూస్తోంది. కుయ్ అనలేదు. పొద్దుటినుంచీ ఆ కాలుతోనే నడిచింది, ఆడింది, మెట్లెక్కింది.

"ఇంత పుండు పడితే చెప్పొద్దా నాన్నా?"

"ఆ ఆట ఆపేశాం కదా" అంది.

"ఏ ఆట?"

"నొప్పి ఆట. నువ్వే అన్నావుగా, ఇంకెప్పుడూ అనొద్దని."

నొప్పి వేరు, ఆట వేరు అని చెప్పాను. చాలాసేపు చెప్పాను. నొప్పి వస్తే చెప్పాలి, ఎప్పుడైనా చెప్పాలి, అమ్మకి చెప్పాలి. అన్నిటికీ తలూపింది. చుక్కల మందుకి పడుకున్నంత బుద్ధిగా తలూపింది. "ఇంకెక్కడైనా నొప్పిగా ఉందా?" అంటే అడ్డంగా ఊపింది. బతిమాలాను. అడ్డంగా ఊపింది. కానీ చెంప నిమరబోతే మెడ అవతలికి వంచేసుకుంది.

మన భాషలో చెబితే ఎవరికీ అర్థం కాదని దానికి మేమే నేర్పాం. ఆ భాషలో చెప్పొద్దని నేను ఒక్కదాన్నే నేర్పాను. ఇంక ఏ నోటితో చెబుతుంది?

లేచి తలుపు మూశాను. దానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆ ఆట ఇంకెప్పుడూ ఆడమని చెప్పింది నేనే. అయినా అడిగాను.

"దోందే తే దుయేలె?"

గబుక్కున తలెత్తింది. ఫోన్ కోసం నా ఒడిలోకి చూసింది, తలుపుకేసి చూసింది. రెండు చేతులూ చాపి చూపించాను. అప్పుడు కాలు ముందుకి పెట్టింది. "ఎల్ పియె" అంది చిన్నగా. కాలు. ఆగింది. చెయ్యెత్తి చెవి మీద పెట్టుకుంది. "లా ఓరెహా" అంది.

అని, రెండో చేత్తో రెండో చెవి కూడా మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. ఎందుకలా కూర్చుందో నాకు వెంటనే తెలియలేదు. చప్పట్లు మొదలవుతాయని.

ఎత్తుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాను. దారంతా ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు. నేను దాని చెవికి గాలి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

లోపలున్నవాళ్ళు బయటికి వస్తున్నారు. తర్వాత మేమే. ఎప్పటినుంచి నొప్పి అని డాక్టరమ్మ మళ్ళీ అడుగుతుంది. నాకు తెలియదు.